ఒకే గదిలో టీమా, దేశదేశాల టీమా?

సాఫ్ట్‌వేర్ టీమంతా హైదరాబాద్‌లో ఒకే గదిలో ఉంటే సందేహం రాగానే పక్క కుర్చీవాళ్లను అడగొచ్చు. కొత్తగా చేరినవాళ్లకు అదే మేలు.

నేను నల్లగొండ నుంచి పనిచేసే టీమ్ మాత్రం మూడు దేశాల్లో ఉంది. అందులో కొందరుండే అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ఎండాకాలంలో మనకంటే 12 గంటల 30 నిమిషాలు వెనక. రాత్రి అన్నానికి లేచే ముందు కోడ్ పంపి, ఏం మార్చానో, ఏ టెస్టు ఫెయిలైందో నాలుగు ముక్కలు రాసిపెడతా. పొద్దున చాయ్ తాగేసరికి అక్కడివాళ్లు కోడ్ చూసి రాసిన రివ్యూ వచ్చి ఉంటుంది. అట్లా రాసిపెట్టే అలవాటే అసలు లాభం: ఆర్నెల్ల తర్వాత కూడా ఎవరైనా చదివి అర్థం చేసుకోవచ్చు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ కూడా ఖండాలు దాటి ఇట్లనే తయారవుతోంది. దానికోసమే లినక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ (కోడ్‌లో ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్) రాశారు.

అర్జెంటు బగ్ (కోడ్‌లో తప్పు) పడితే ఒకే గది నయం. అయినా అమ్మానాయనల దగ్గరుండి పని చేసుకునే వీలుంది కాబట్టి నేనైతే దూరపు టీమ్‌నే ఎంచుకుంటా.