స్కైరిమ్ వీఆర్: విల్లుకు ఫుల్ మార్కులు, కత్తికి పాస్ మార్కులే

2011 నాటి ఫాంటసీ గేమ్ స్కైరిమ్‌ని, దాన్ని తయారుచేసిన బెథెస్డా సంస్థ వీఆర్ (తలకి హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే వర్చువల్ రియాలిటీ) రూపంలో 2017 నవంబరులో ప్లేస్టేషన్ వీఆర్‌కి, 2018 ఏప్రిల్లో పీసీకి తెచ్చింది. డాన్‌గార్డ్, హార్త్‌ఫైర్, డ్రాగన్‌బార్న్ అనే అదనపు భాగాలు మూడూ ఇందులోనే ఉన్నాయి. కథ పాతదే, మ్యాప్ పాతదే. కొత్తగా వచ్చినవల్లా మీ రెండు చేతులే కాబట్టి వాటి సంగతే చూద్దాం.

ఈ గేమ్ కొనాలంటే విల్లు ఒక్కటి చాలు. ఒక చేత్తో విల్లు పట్టి, రెండో చేతిని వింటినారి దగ్గరికి తెచ్చి కంట్రోలర్ ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే బాణం దొరుకుతుంది. వెనక్కి లాగి వదలాలి. సగమే లాగితే బాణం నీరసంగా పోయి పడుతుంది. సెట్టింగుల్లో రియలిస్టిక్ బో ఎయిమింగ్ ఆన్ చేసుకోండి, రెండు చేతులూ ఏ వరసలో ఉంటే బాణం ఆ వరసలోనే పోతుంది. మొదటి అరగంట గురి కుదరదు, ఆ తర్వాత వదలబుద్ధి కాదు. బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధిలో నేల మీద నూనె మడుగు, దాని పైన వేలాడే దీపం ఉంటాయి. స్తంభం చాటు నుంచి తల మాత్రం బయటపెట్టి, డ్రాగర్ (లేచి తిరిగే శవం) ఆ మడుగులో అడుగుపెట్టగానే దీపాన్ని కొట్టి చూడండి. మామూలు స్క్రీన్ మీద కూడా ఇదే ట్రిక్కు ఉంది కానీ, తల వంచి తొంగిచూడటం అక్కడ లేదు.

మంత్రాలదీ దాదాపు ఇదే స్థాయి. మామూలు వెర్షన్లో రెండు చేతుల మంత్రాలూ స్క్రీన్ మధ్యనున్న ఒకే గుర్తు వైపు పోతాయి. ఇక్కడ ఏ చేతి గురి దానిదే. ఎడమ చేత్తో తలుపు దగ్గరివాణ్ణి కాలుస్తూనే కుడి చేత్తో మెట్ల మీదివాడి పైకి మెరుపు వదలొచ్చు.

కత్తి దగ్గరికొచ్చేసరికి నిరాశే. దానికి బరువు లేదు. చెయ్యి కదిలిందా లేదా అన్నదే గేమ్‌కి లెక్క, ఎంత బలంగా విసిరామన్నది కాదు. అందుకే మణికట్టు ఊపినా దెబ్బ తగులుతుంది, కత్తి మనిషిలోంచి గాలిలో పోయినట్టు పోతుంది. గండ్రగొడ్డలి లాంటి రెండు చేతుల ఆయుధాన్ని కూడా ఒంటి చేత్తోనే తిప్పాలి. డాలు మాత్రం బాగుంది, ఎదురుగా ఎత్తి పట్టుకుంటే చాలు.

పీసీలో దీనికి మందుంది: మోడ్‌లు, అంటే అభిమానులు గేమ్‌కి చేసిన మార్పులు. విఆర్‌ఐకే మోడ్ మీకు ఒళ్ళు, ఆయుధాలు పెట్టుకోవడానికి ఒరలు ఇస్తుంది. హిగ్స్ అనే మోడ్ పెడితే వస్తువుల్ని చేత్తో తీసుకోవచ్చు, భుజం వెనక్కి వేసి సంచిలో పెట్టొచ్చు, గొడ్డలిని రెండు చేతులా పట్టొచ్చు. ప్లాంక్ అనే మోడ్ శత్రువుల ఒళ్ళకి భౌతికత్వం ఇచ్చి, దెబ్బని విసురు వేగంతో ముడిపెడుతుంది. అది నడవాలంటే హిగ్స్ ఉండాల్సిందే. వీటన్నిటికీ ముందు ఎస్‌కేఎస్‌ఈవీఆర్ 2.0.12 (ఇలాంటి మోడ్‌లు నడవడానికి ఆధారమైన ప్రోగ్రామ్) కావాలి. దాని ఫైళ్ళు గేమ్ ఫోల్డర్లోకి, స్క్రిప్టులు డేటా ఫోల్డర్లోకి వెళ్ళాలి. తర్వాత గేమ్‌ని స్టీమ్ (పీసీ గేమ్‌ల స్టోర్) బటన్‌తో కాక ఎస్‌కేఎస్‌ఈవీఆర్ లోడర్‌తోనే తెరవాలి. "మోడ్ పనిచేయట్లేదు" అనేవాళ్ళలో చాలామంది తప్పేది ఇక్కడే. ఇంకో సంగతి: స్పెషల్ ఎడిషన్ (మామూలు స్క్రీన్ మీద ఆడే వెర్షన్) కోసం చేసిన, డీఎల్‌ఎల్ ఫైళ్ళున్న మోడ్‌లని నేరుగా వేయకండి, వీఆర్‌కి కట్టిన వెర్షన్ ఉందో లేదో చూసుకోండి.

ప్లేస్టేషన్‌లో ఈ మోడ్‌లేవీ లేవు, పైగా చేత్తో పట్టుకునే మూవ్ కంట్రోలర్లకి బొటనవేలితో తిప్పే స్టిక్ లేదు. నడవడం, తిరగడం అన్నీ బటన్లతోనే. చేతుల్ని కనిపెట్టే కెమెరా ఒక్కటే కాబట్టి వీపు దానికి తిరిగితే చేతులు కనబడవు, అప్పుడు విల్లు వణుకుతుంది. నిజంగా తిరక్కుండా స్నాప్ టర్నింగ్‌తోనే (బటన్ నొక్కితే చూపు ఒక్కసారిగా కొంత పక్కకి తిరగడం) తిరగడం అలవాటు చేసుకోవాలి.

కళ్ళు తిరిగేవాళ్ళు ముందు టెలిపోర్ట్‌తో (చూపిన చోటికి గెంతడం) మొదలుపెట్టి, రెండుమూడు రోజులకి డైరెక్ట్ మూవ్‌మెంట్‌కి (మామూలుగా నడవడం) మారండి. అప్పుడు అంచుల్ని నల్లగా చేసే ఫీల్డ్ ఆఫ్ వ్యూ ఫిల్టర్‌ని పెంచి, అలవాటైన కొద్దీ తగ్గించుకుంటూ పోవచ్చు. గుర్రం ఎక్కడం మాత్రం చివరికి ఉంచుకోండి. కూర్చుని ఆడేవాళ్ళు ఫిజికల్ స్నీకింగ్ ఆఫ్‌లో ఉంచాలి, ఎందుకంటే నక్కి నడవాలా వద్దా అన్నది అది మీ తల ఎత్తుని బట్టి తేలుస్తుంది.

పీసీలో దూరం దృశ్యాలు మసకగా ఉంటాయి. అంచులు నునుపు చేసే టీఏఏ అనే పద్ధతి దానికి కారణం. గ్రాఫిక్స్ కార్డుకి ఓపిక ఉంటే సూపర్ శాంప్లింగ్ (ఎక్కువ స్పష్టతతో గీయించడం) పెంచండి, డైనమిక్ రిజొల్యూషన్ (అవసరాన్ని బట్టి స్పష్టత తానే తగ్గించుకోవడం) తీసేయండి.

విలుకాడిగానో మంత్రగాడిగానో ఆడేవాళ్ళు పీసీలో మోడ్‌లు లేకుండా కూడా కళ్ళుమూసుకుని కొనొచ్చు. కత్తి యోధుడిగా ఆడాలంటే పైన చెప్పిన మూడు మోడ్‌లూ తప్పనిసరి, అవి కూడా కొత్త గేమ్ మొదలుపెట్టే ముందే వేసుకోండి. స్క్రిప్టులున్న మోడ్‌ని ఆట మధ్యలో తీసేస్తే సేవ్ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది.