టూ సెవెన్స్ క్లాష్: బేస్ వినపడని స్పీకర్లో పెట్టి తిట్టకండి

జమైకా సంగీతమైన రెగ్గే అంటే మన నెల్లూరు, ఒంగోలు వైపు గాయకుడు బాబ్ మార్లే బొమ్మ టీషర్టు, మూడు రంగుల టోపీ, గంజాయి కబుర్లు. అంతకు మించి పోదు. ఆ సరంజామా అంతా పక్కన పెట్టి వినాల్సిన ఆల్బమ్ ‘టూ సెవెన్స్ క్లాష్’. కల్చర్ అనే జమైకా బృందం మొదటి ఆల్బమ్, 1977లో వచ్చింది. 10 పాటలు, మొత్తం 40 నిమిషాల లోపే. జోసెఫ్ హిల్ ముందుండి పాడతాడు, ఆల్బర్ట్ వాకర్, కెన్నెత్ డేస్ వంత పాడతారు. నిర్మాత జో గిబ్స్, రికార్డింగ్ చూసింది ఎరోల్ థాంప్సన్. ఈ ఇద్దరి జోడీని అక్కడ ‘మైటీ టూ’ అంటారు. డ్రమ్స్ స్లై డన్‌బర్. హిల్ అంతకుముందు స్టూడియో వన్ అనే జమైకా రికార్డింగ్ స్టూడియోలో సోల్ డిఫెండర్స్ బృందంతో తాళవాద్యాలు వాయించినవాడు. ఆ అలవాటు గొంతులో కనపడుతుంది. మాటను తాళం మీద ఠక్కున దించడు, కొంచెం వెనక్కి లాగి వదులుతాడు.

ఇందులో ఉన్నదంతా రాస్తాఫారీ భక్తి, దానితో పాటే నల్లవాళ్ళ బతుకు మీద ధర్మాగ్రహం. రెండింటినీ విడదీయలేం. 1930 నవంబర్ 2న ఇథియోపియా చక్రవర్తిగా పట్టాభిషేకం జరిగిన హైలే సెలాసీని (అంతకుముందు ఆయన పేరు రాస్ తఫారి) దైవంగా కొలిచే మతం అది. వాళ్ళ చేతిలో ఉండేది మన చర్చిల్లో ఉండే బైబిలే. బబులోను అంటే వాళ్ళకు పోలీసు, జైలు, వలస దొరలు కట్టిపెట్టిన వ్యవస్థ. సీయోను అంటే ఆఫ్రికా. ఈ మాటలు ఒంగోలు వాళ్ళకు ఒకరు విప్పి చెప్పక్కర్లేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం ఇది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్ళు. చెర నుంచి విడుదల అనే కథను పరలోకానికే కాక తమ ఊరికీ అన్వయించుకోవడం ఏమిటో ఇక్కడి కుటుంబాలకు తెలుసు. అందుకే ఇంగ్లీషు, అందులోనూ జమైకా యాస సగం అర్థంకాకపోయినా ఈ పాటల భావం ఇక్కడ తొందరగా ఎక్కుతుంది. సెలాసీ దేవుడనే మాట దగ్గర మాత్రం మన పాస్టర్లు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట నాలుగోది. నల్లవాళ్ళ హక్కుల కోసం నిలబడ్డ జమైకా నాయకుడు మార్కస్ గార్వీ చెప్పాడని జనం నమ్మిన జోస్యం మీద కట్టింది: రెండు ఏడులు ఢీకొన్ననాడు తీర్పు తప్పదని. 1977 ఏడో నెల ఏడో తేదీ, అంటే ఏడుల మీద ఏడులు. ఆ రోజు జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో చాలామంది భయపడి గడప దాటలేదని, షాపులు మూసేశారని చెప్తారు. బస్సులో కూర్చుని ఉండగా తనకు ఈ దర్శనం కలిగిందని హిల్ అనేవాడు. బ్రహ్మంగారి కాలజ్ఞానం విని పెరిగిన మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ‘ఆయన అన్నాడు, ఇదిగో జరిగింది’ అని ఊళ్ళో గుర్తులు ఒక్కొక్కటే చూపించడం. హిల్ చూపించే గుర్తులు వినండి. స్పానిష్ టౌన్, కింగ్‌స్టన్ రెండూ ఒకనాటికి కలిసిపోతాయని గార్వీ అన్నాడట, ఇప్పుడు మధ్యలో అడ్డం ఉన్నది ఒక్క హౌసింగ్ కాలనీయే అంటాడు. ఫెర్రీ పోలీసు స్టేషన్ దగ్గర ఒకప్పుడు అందంగా ఉన్న బూరుగు జాతి మహావృక్షం పిడుగు పడి పాడైపోయిందంటాడు. గార్వీ బయటికి వచ్చిన జైలు గేటులోంచి తర్వాత ఇంకో ఖైదీ పోలేదు, ఇప్పటికీ దానికి తాళమే అంటాడు. ఆకాశం నుంచి నిప్పులు కురుస్తాయని బెదిరించడం చాలా తక్కువ. రోడ్డు పక్క కనిపించేవే సాక్ష్యం. ఆ పాటకు బలం అక్కడుంది.

గార్వీ నిజంగానే 1929లో కోర్టు ధిక్కారం కేసులో 3 నెలల శిక్షపడి స్పానిష్ టౌన్ జైల్లో ఉన్నాడు. అయితే ఆయన రాస్తాఫారీ మతస్థుడు కాదు. 1936లో ఇటలీ దెబ్బకు దేశం వదిలి వెళ్ళిన సెలాసీని ఘాటుగా విమర్శించాడు కూడా. జనం ఆయన్ని ప్రవక్తగా మలుచుకున్నారు. హిల్ పాడుతున్నది చరిత్ర గార్వీని కాదు, జనం నోట్లో నిలిచిన గార్వీని. ‘బ్లాక్ స్టార్‌లైనర్ మస్ట్ కమ్’ కూడా అలాంటిదే. నల్లవాళ్ళను ఆఫ్రికాతో కలపాలని గార్వీ 1919లో పెట్టిన బ్లాక్ స్టార్ లైన్ ఓడల కంపెనీ 1922కల్లా మూతపడింది. మూతపడిన 55 ఏళ్ళకు కూడా ఆ ఓడ వచ్చి తీరాలని రేవులో నిలబడి పిలుస్తున్నాడు హిల్. కంపెనీ లెక్కల్లో అది దివాలా, పాటలో అది ఇంకా రావాల్సిన ఓడ.

మొదటిసారి వినేవాళ్ళను తికమక పెట్టేది ఒకటుంది. మాటల్లో ప్రళయం, బాణీలో పండగ. దీన్ని లోపమనుకుని ‘సీరియస్‌నెస్ లేదు’ అనేస్తారు. తీర్పు రోజు యజమానికి భయం, బానిసకు విడుదల. హిల్ రెండోవాడి పక్కనుంచి పాడుతున్నాడు, ఏడవాల్సిన పనేముంది? ఆరో పాట, సింహమెక్కి సీయోనుకు పోదాం రండి అనేది, మొత్తం ఆల్బమ్‌లో ఎక్కువ ఉత్సాహమున్న పాట. ‘ఐయామ్ అలోన్ ఇన్ ది వైల్డర్‌నెస్’ మాత్రం నిజంగా ఒంటరివాడి ప్రార్థన, వంతగాళ్ళు అక్కడ గొంతు బాగా తగ్గించారు. ‘పైరేట్ డేస్’ కొలంబస్ కథను తిరగేస్తుంది, ఆ దీవిలో ముందున్నది అరవాక్ జాతి వాళ్ళని గుర్తు చేస్తుంది. ‘సీ దెమ్ ఎ కమ్’ పట్టుకోవడానికి వస్తున్నవాళ్ళను చూసి కూడా పారిపోనివాడి పాట. 1976లో జమైకాలో ఎమర్జెన్సీ పెట్టారు, డిసెంబర్‌లో ఎన్నికలకు ముందు బాబ్ మార్లే మీదే కాల్పులు జరిగాయి. ఆ గాలి తెలిస్తే ఈ పాట ఇంకాస్త గట్టిగా తగులుతుంది. ‘జా ప్రెట్టీ ఫేస్’ దగ్గర మాత్రం వేగం సడలుతుంది. బాణీ తీయనిదే కానీ ముందు వెనకల పాటల మధ్య పలచబడింది.

ఇక సౌండ్. అసలు గొడవంతా ఇక్కడే.

ఈ ఆల్బమ్‌లో పాటను నడిపేది బేస్ గిటారు. గిటారు, కీబోర్డు దాని మీద చిన్న చిన్న ముక్కలుగా పడతాయి. బేస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్, దాని పై తీగ 55. ఫోన్ స్పీకర్‌లో ఆ కింది భాగం దాదాపు ఏమీ రాదు. అరచేతిలో పట్టే బ్లూటూత్ డబ్బా కూడా ఆ లోతుకు దిగదు. అందులో వింటే మిగిలేది చిక్ చిక్ మనే గిటారు, పైన ముగ్గురి గొంతులు. ‘అన్నీ ఒకేలా ఉన్నాయబ్బా’ అనిపించడంలో వింతేముంది, పాటకు పాటకు తేడా చూపే భాగమే వినపడలేదు కదా. ఒక చిన్న పరీక్ష ఉంది. నాలుగో పాట ఒక నిమిషం విని, హిల్ పాడేది వదిలేసి కింద బేస్ ఏం పాడుతోందో కూనిరాగం తీయడానికి చూడండి. తీయలేకపోతే స్పీకరు మార్చండి. చెవికి బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్ చాలు, ఖరీదైనది అక్కర్లేదు. రబ్బరు బుడిపె సైజు చెవికి సరిపోకపోతే గాలి సందులోంచి బేస్ అంతా పోతుంది.

రెండో రకం తప్పు దీనికి తలకిందులు. కార్లలో, ఫంక్షన్ డీజే సెట్లలో బేస్ బూస్ట్, లౌడ్‌నెస్ రెండూ పైకి తోసి పెడతారు. అప్పుడు కిక్ డ్రమ్ము (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), బేస్ గిటారు ముద్దయిపోయి ఒకే గుబగుబ వస్తుంది. రెండూ ఆపేయండి. ఈక్వలైజర్ సమంగా పెట్టి, సబ్ (కింది స్వరాలకే ఉన్న స్పీకరు) విడిగా ఉంటే క్రాసోవర్, అంటే సబ్‌కు ఏ స్వరం దాకా పంపాలనే హద్దు, 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉంచండి. రేకుల కప్పున్న చర్చి హాల్లో పెడితే ఇంకో తంటా, ఏదో ఒక స్వరం దగ్గర రేకులు గిలగిలా కొట్టుకుంటాయి. దానికి మొత్తం బేస్ తగ్గించేస్తే పాట చస్తుంది. గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో 63, 80, 100 హెర్ట్జ్ స్లైడర్లు ఒక్కొక్కటే దించి చూడండి. ఏది దించితే రేకు ఊరుకుంటుందో దాన్నొక్కదాన్నే 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గిస్తే సరిపోతుంది.

కావలి, సింగరాయకొండ, ఒంగోలు చర్చి బ్యాండ్లలో కీబోర్డు, ప్యాడ్లు వాయించే పిల్లలకు ఈ ఆల్బమ్ మంచి బడి. కీబోర్డులో రెడీగా ఉండే రెగ్గే స్టైల్ నొక్కి పాట నడిపేయడం మానేస్తేనే లెండి. నిమిషానికి 140-150 దెబ్బల వేగంతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్క పెట్టుకోండి. గిటారు రెండు, నాలుగు మీదే పడాలి. సన్న తీగలు మూడు నాలుగే, కిందికి ఒక్క వేటు, వేటు పడిన మరుక్షణం ఎడమచేతి వేళ్ళు నొక్కడం వదలాలి, తీగల మీంచి మాత్రం ఎత్తకూడదు. పైకెత్తితే తీగ మోగుతూనే ఉంటుంది. కీబోర్డులో కుడిచేయి గిటారుతో కలిసి అవే రెండు, నాలుగు మీద, ఎడమచేయి ఆర్గన్ స్వరంతో దానికి ముందు వెనక సందుల్లో. బేస్ వాయించేవాడు చాలాచోట్ల ఒకటిని ఖాళీగా వదలాలి, టోన్ నాబ్ బాగా తగ్గించాలి.

మనవాళ్ళ దగ్గర తప్పకుండా చెడేది ప్యాడ్ల దగ్గర. సినిమా బీట్లు వాయించిన చెయ్యి ఒకటి మీద కిక్ కొట్టకుండా ఉండలేదు. వన్ డ్రాప్ అనే పాత పద్ధతిలో ఒకటి మీద ఏమీ ఉండదు, కిక్, స్నేర్ (పుల్లలతో వాయించే చిన్న డ్రమ్ము) అంచు దెబ్బ రెండూ కలిసి మూడు మీద పడతాయి. ఒకటి నింపేశారంటే అది తీన్‌మార్‌కు చుట్టమైపోతుంది. డన్‌బర్ కాలానికి రాకర్స్ పద్ధతి వచ్చింది, అందులో కిక్ ఎక్కువచోట్ల పడుతుంది, నడకలో కవాతు దర్పం వస్తుంది. అది విని నేరుగా దాన్నే పట్టుకోబోతారు. ముందు వన్ డ్రాప్ చేతికి ఎక్కాక దీనికి రండి, లేకపోతే ఎక్కువ వాయించడమే రాకర్స్ అనుకుంటారు.

మిక్సర్ దగ్గర కూర్చునేవాళ్ళకూ ఒక మాట. మన చర్చిల్లో గొంతు మీద రివర్బ్ (పెద్ద హాల్లో లాంటి మోత) ఎంత పోస్తారో తెలిసిందే. ఇక్కడ అది పనికిరాదు, రెండు వేట్ల మధ్య ఖాళీని ఆ తోక పూడ్చేస్తుంది. బదులుగా డిలే (మాటను కాసేపాగి తిరిగి వినిపించేది) వాడండి, అదీ వాక్యం చివరి మాట మీదే. ఎంతసేపు ఆగాలో తెలియాలంటే నిమిషంలోని 60,000 మిల్లీసెకన్లను పాట వేగంతో భాగించండి. 150 అయితే 400 మిల్లీసెకన్లు. ఆ లెక్క తప్పితే ప్రతిధ్వని వేరే తాళంలో తిరిగి డ్రమ్మరునే పడేస్తుంది.

ఆల్బమ్‌లో లోపాలు లేవని కాదు. పాటల వేగం చాలావరకు దగ్గర దగ్గరగా ఉంటుంది, ఏకబిగిన రెండుసార్లు వింటే అలసట. ముగ్గురి గొంతుల కలయిక అబిసీనియన్స్ అనే ఇంకో జమైకా బృందమంత నున్నగా ఉండదు, కొన్నిచోట్ల వంత కొంచెం అటూ ఇటూ జరుగుతుంది. చర్చిలో వెనక వరస అక్కలు పాడినప్పుడు వచ్చే గరుకుదనం అది, నాకైతే నచ్చింది. వలస పోయి విముక్తి పొందడమే దారి అనే ఆలోచనను ఎక్కడా ప్రశ్నించకపోవడం మాత్రం కొరతే. ఆఫ్రికా ఇందులో వాగ్దానంగా ఉంది, మనుషులుండే నేలగా లేదు.

కొనదలచుకుంటే 2007లో 30 ఏళ్ళ ముద్రణ, 2017లో 40 ఏళ్ళ ముద్రణ వచ్చాయి. అదనంగా చేర్చిన డబ్, పొడుగు మిక్సులు మొదటిసారి వినేవాళ్ళకు అడ్డం, ముందు అసలు 10 పాటలూ వరసగా వినండి. బేస్ నేర్చుకునేవాళ్ళకు మాత్రం ఆ డబ్ ముక్కలే ముఖ్యం. గొంతులు తీసేసి బేస్, డ్రమ్స్ బయట పెడతారు కాబట్టి ఏ స్వరం ఎక్కడ ఆపారో స్పష్టంగా దొరుకుతుంది. ఆన్‌లైన్లో వినేవాళ్ళు వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ ఆపి, క్వాలిటీ అన్నిటికన్నా పైమెట్టులో పెట్టుకోండి. ఇంగ్లీషు పట్టుబడనివాళ్ళు మొదటి పాటకన్నా ఆరోదానితో మొదలుపెట్టడం తేలిక, తర్వాత నాలుగు, ఆపైన ఏడు.