రాగి-నికెల్ బ్రేక్ పైపు కిట్: చుట్ట బంగారం, నట్లు దండగ

రేటింగు: 5కి 3. ఆ మూడూ పైపుకే.

ఆన్‌లైన్‌లో పేరులేని డబ్బాలో వచ్చే ఈ కిట్‌లో 25 అడుగుల పైపు చుట్ట, నట్లు, ఫ్లేరింగ్ టూలు (పైపు కొసను గరాటులా విప్పి మడిచేది, ఆ మడతే ఫ్లేరు), బుల్లి కట్టరు ఉంటాయి. పైపు బయటి కొలత 4.75 మిల్లీమీటర్లు, మన చిన్న కార్లకు సరిపోయేదే. తుప్పు పట్టదు, చేత్తోనే వంగుతుంది. చెన్నై ఉప్పుగాలిలో ఏళ్లు తిరిగి సెకండ్‌హ్యాండ్‌లో తిరుపతికి చేరిన బండికి వెనక వైపు క్లిప్పుల కింద పైపు పొట్టు రాలుతుంటే ఇలాంటిదే వేయాలి. ఏసీ పనివాళ్లు వాడే ఉత్త రాగి గొట్టం అదురుకు బిరుసెక్కి చీలుతుంది, దాని జోలికి పోవద్దు.

చిక్కంతా నట్లతోనే. ఇవి అమెరికా కార్ల కొలతవి: 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. మారుతి, హ్యుందాయ్‌లకు కావాల్సింది ఎం10, పిచ్ 1.0 (10 మిల్లీమీటర్ల మందం, మరకూ మరకూ మధ్య 1 మిల్లీమీటరు). చూపుకు తేడా తెలీదు. అంగుళం నట్టు దాదాపు అర మిల్లీమీటరు సన్నం కాబట్టి మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది) వదులుగా దిగుతుంది, గట్టిగా బిగిస్తే మర కోసుకుపోతుంది. నట్టుతో పోయే ఖర్చు కాస్తా సిలిండర్ దాకా వస్తుంది. పాత నట్టు చేత్తో పట్టుకెళ్లి స్పేర్ల షాపులో దాని జోడీ తెచ్చుకోండి.

టూలు పట్టు కూడా అంతంతమాత్రమే. రెక్కల నట్లు చేత్తో బిగిస్తే పైపు వెనక్కి జారి ఫ్లేరు ఒంటిపక్కగా వస్తుంది, స్పానర్ వేసి బిగించాలి. పైపును కట్టరుతోనే కోయాలి, హ్యాక్సా వద్దు. లోపలి అంచు గీకి, పొడి ఊదేసి, ముందు నట్టు తొడగాలి (ఫ్లేరయ్యాక అది ఎక్కదు). డై (టూలుతో వచ్చే మెట్టున్న చిన్న బిళ్ల) మెట్టంత పైపు పైకి ఉంచి, చుక్క బ్రేక్ ఆయిల్ వేసి డైతో నొక్కి, ఆ తర్వాత టూలు మొన (కోను)తో అంచును లోపలికి మడవాలి. అంచులో సన్నటి చీలిక కనిపించినా కోసేసి మళ్లీ చేయాల్సిందే. పోలో లాంటి వాటికి మాత్రం బబుల్ ఫ్లేరు (డైతో నొక్కగానే వచ్చే గుండ్రటి ఉబ్బు), అక్కడ కోను వాడొద్దు.

విప్పడానికీ బిగించడానికీ 10 నంబరు ఫ్లేర్ నట్టు స్పానర్ వేరే కొనాలి, మామూలు స్పానర్‌కు నట్టు మూలలు అరిగిపోతాయి. బిగింపు చాలా బండ్లకు 16 న్యూటన్ మీటర్ల దరిదాపు, మాన్యువల్ చూసుకోండి. పైపు పాత దారినే పోవాలి, క్లిప్పులన్నీ పడాలి.

పైపుల్లో చేరిన ఎయిర్ తీయడానికి మూత విప్పని డాట్ 4 బ్రేక్ ఆయిల్ లీటరు దగ్గర పెట్టుకోండి, బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీద డాట్ 3 అని ఉన్నా పర్వాలేదు. సిలికాన్‌తో చేసే డాట్ 5 మాత్రం పోయకూడదు. ట్యాంకు ఖాళీ అయితే గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) చేరుతుంది, కొన్ని బండ్లకు స్కానర్ పెట్టి తీయించాల్సి వస్తుంది. పెయింటు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లు కొట్టండి.

చివర్న ఇంజన్ ఆన్‌లో పెట్టి పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. కిందికి జారుతుంటే ఎక్కడో కారుతోందన్నమాట, జాయింట్లన్నీ పొడిగుడ్డతో తుడిచి చూడండి. అది తేలేదాకా తిరుమల పాత ఘాట్ దిగే పని పెట్టుకోవద్దు.