చర్చి ఫేస్‌బుక్ పేజీకి బూస్టింగ్ చేస్తానంటాడే, ఆయనతో జాగ్రత్త (మా క్రిస్మస్ ఇలా తగలడింది)

ఆయనెవరో మీలో చాలామందికి తెలుసు. నవంబర్ రాగానే గోదారి డెల్టాలో ఏ సంఘం వాట్సాప్ గ్రూపు తెరిచినా "క్రిస్మస్ ఆరాధనలకి స్పెషల్ ప్యాకేజీ, పోస్టర్, వీడియో, బూస్టింగ్ అన్నీ కలిపి" అని మెసేజ్ పడుతుంది కదా. ముందు "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్", చివర మూడు దణ్ణాల బొమ్మలు. ఆయనే. పేరు రాయొద్దని మా ఆవిడ ఒట్టు వేయించుకుంది, రాయను. బూస్టింగ్ అంటే డబ్బు కట్టి పోస్టుని ఎక్కువమందికి కనపడేలా యాడ్‌గా నడపడం.

మాది నర్సాపురం పక్కన చిన్న సంఘం. లెక్కలు చూసేది నేను. ఈసారి 24 రాత్రి కొవ్వొత్తుల ఆరాధనకి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా రావాలని యూత్ పిల్లలు పట్టుబట్టారు. మా సంఘ పెద్ద ఒకాయన "మిషనరీలు బౌడెన్ దొర, బీర్ దొర 1830ల్లో ఇక్కడికొచ్చి ఏం బూస్టు కొట్టార్రా, ఊరూరా తిరిగి చెప్పారు గానీ" అన్నాడు. అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆ నవ్వు ఖరీదు 11,800 రూపాయలు.

ప్యాకేజీ 10,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఫేస్‌బుక్ యాడ్స్ మీద ఆ పన్ను ఉన్న మాట నిజమే. కానీ ఈయన తన కూలీ మీద, పోస్టర్ మీద కూడా కలిపి వేశాడు, బిల్లు లేదు. పదో తరగతి పిల్లలకి పర్సంటేజీలు చెప్పే మాస్టారిని నేను. మాట్లాడకుండా ఫోన్‌పే కొట్టాను. అందులో సగానికి పైగా స్త్రీల సమాజం వాళ్ళ పిడికెడు బియ్యం డబ్బు. తెలియని వాళ్ళకి చెబుతున్నా, ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి ఆదివారం చర్చికి తెస్తారు, అవి అమ్మితే వచ్చే డబ్బు. ఇది రాస్తుంటే మళ్ళీ ఒళ్ళు మండుతోంది.

పోస్టర్ వచ్చింది. మా రేకుల చర్చి ఫోటో ఇస్తే దాని బదులు మెదక్ చర్చి పెట్టాడు, చుట్టూ మంచు కురుస్తోంది. గోదారి జిల్లాలో మంచు! దాన్ని చూసి ముచ్చటపడిపోయి "సూపర్ బ్రదర్" అని పెట్టింది కూడా నేనే. కింద టైము చూడలేదు. "24 రాత్రి 11 గంటలకు" అని నేను రాసిస్తే "24 ఉదయం 11 గంటలకు" అని పడింది. ఈ తప్పు సగం నాదే, ఒప్పుకుంటాను. మిగతావి కావు.

"యాడ్ క్రిస్టియన్స్‌కి మాత్రమే వెళ్ళేలా సెట్ చేస్తాను" అన్నాడు. భీమవరంలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు నిన్న చెప్పాడు, మతాన్ని బట్టి మనుషుల్ని ఎంచుకునే ఆప్షన్లని ఫేస్‌బుక్ 2022 జనవరిలోనే తీసేసిందట. అంటే మొదటి మాటే అబద్ధం. "యాడ్ రన్ అవ్వాలంటే పేజీ మీద ఫుల్ కంట్రోల్ ఇవ్వాలి బ్రదర్" అన్నాడు. అదీ అబద్ధమే, యాడ్స్ వరకే యాక్సెస్ ఇచ్చే వీలుంది. నేను డిసెంబర్ మొదటి వారంలోనే తాళాలు మొత్తం చేతిలో పెట్టేశాను. తర్వాత రోజూ ఒక స్క్రీన్‌షాట్. రీచ్, అంటే యాడ్ చూసినవాళ్ళు, లక్ష. రీచ్ రెండు లక్షలు. పేజీకి ఒక్క రాత్రిలో మూడు వేల మంది ఫాలోవర్లు. ఆ పేర్లు ఏ భాషో కూడా అర్థం కాలేదు. ఒక్కడూ మన గోదారోడు లేడు. అయినా సంఘంలో నిలబడి ఆ అంకె చదివి వినిపించాను, చప్పట్లు కూడా కొట్టారు.

24 ఉదయం స్టార్ కడుతున్నాం. పదకొండు కాబోతుండగా గేటు దగ్గర ఒక మామ్మగారు. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి వైపు నుంచి పంటు పడవ ఎక్కి గోదారి దాటి వచ్చింది. తెల్ల చీర, చేతిలో గుడ్డలో చుట్టిన బైబిలు. "ఆరాధన మొదలవలేదా బాబూ?" అంది. మనవరాలు ఫోన్లో పోస్టర్ చూసి చదివి చెప్పిందట. రాత్రికండీ అని చెబితే, "రాత్రి అయ్యాక నాకు పంటు ఎక్కడిది నాయనా" అని అరుగు మీద కూర్చుండిపోయింది. పాస్టరమ్మగారు టీ ఇచ్చారు, అయ్యగారు ప్రార్థన చేసి పంపారు. రెండు లక్షల రీచ్‌లో మాకు వచ్చిన మనిషి ఈవిడొక్కతే. అదీ యాడ్ చూసి కాదు, ఎవరో వాట్సాప్‌లో పంపితే.

అప్పుడు ఫోన్ చేశాను ఆయనకి. టైము మార్చండి, జనం పొద్దున్నే వస్తున్నారు అన్నాను.

"ఎడిటింగ్ అంటే ఎక్స్‌ట్రా అవుద్ది బ్రదర్. ఐదొందలు కొట్టండి."

సరే కొడతాను, ముందు యాడ్‌కి ఎంత ఖర్చయిందో ఫేస్‌బుక్ వాళ్ళ రసీదు పంపండి అన్నాను. అంతే. అప్పటిదాకా బ్రదర్, మీరు, వందనాలు. ఒక్కసారి గొంతు మారింది.

"దేవుడి పనికి రసీదులు అడుగుతావేంటయ్యా? పదివేలు పడేసి నన్ను దొంగని చేస్తున్నావా? గుప్పెడు బియ్యం అమ్ముకునే సంఘానికి ఫేస్‌బుక్ ఎందుకు అసలు?"

బియ్యం సంగతి నేనే చెప్పాను ఆయనకి, బేరం ఆడేటప్పుడు. కాస్త తగ్గిస్తాడని. దాన్నే తీసి నా మొహాన కొట్టాడు. పక్కన స్త్రీల సమాజం వాళ్ళు రంగు కాగితాలు కత్తిరిస్తున్నారు, ఫోను స్పీకర్లో ఉంది. అందరూ విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు, కత్తెరలు ఆగిపోయాయి.

అరగంటలో పేజీలోంచి నన్ను, పాస్టర్ గారిని తీసేశాడు. ఆరేళ్ళ ఫోటోలు, బాప్తిస్మాలు, పోయినేడు చనిపోయిన మా ఆర్గనిస్టు తాతగారు వాయించిన పాటలు, అన్నీ అందులోనే. మేనల్లుడు మెటా యాడ్ లైబ్రరీ అని ఒకటి తెరిచి చూపించాడు, ఏ పేజీ పేరు కొట్టినా అప్పుడు నడుస్తున్న యాడ్స్ కనిపిస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు. మా పేజీకి సున్నా. యాడ్ నడుస్తోందని అదే పొద్దున స్క్రీన్‌షాట్ పంపాడు మహానుభావుడు.

25 పొద్దున్న గుడిలో ఉండగా ఫోన్లు. "మాస్టారూ, చర్చి పేజీలో కలర్ గేమ్ లింకు పెట్టారేంటండీ?" పైన మా పాస్టర్ గారి ఫోటో, కింద పందెం యాప్. క్రిస్మస్ ప్రసంగం చెప్పి దిగిన ఆయనకి నేనే చూపించాల్సి వచ్చింది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. డబ్బు మీద ఆశ లేదు. నా వాటా కింద స్త్రీల సమాజానికి నెలనెలా కట్టేస్తానన్నాను, వద్దన్నారు, అదింకా సిగ్గుగా ఉంది.

మీరు ఎవరికైనా పని ఇస్తే యాడ్ డబ్బు మీ సొంత కార్డుతోనే కట్టండి, రసీదు మీకే వస్తుంది. ఫుల్ కంట్రోల్ మాత్రం ఇవ్వకండి. పోస్టర్లో టైము ఇద్దరు చదవండి, నాలాంటి వాడొక్కడు చాలడు. 31 రాత్రి ఆరాధనకి మేం పంటు రేవు దగ్గర బోర్డు పెడుతున్నాం, పెయింటుతో రాసింది.

మా పాత పేజీ నుంచి మీకు ఏ లింకు వచ్చినా నొక్కకండి. అది మేం కాదు.