బంగారు తీగ చేప పసిగట్టని లైను: ఫ్లోరోకార్బన్ రీలు నిండా అక్కర్లేదు

రీలు నిండా ఫ్లోరోకార్బన్ (ఒక రకం ప్లాస్టిక్ గాలపు దారం) చుట్టిస్తే చేప లైను చూడలేదని చాలామంది గట్టిగా నమ్ముతారు. అంత ఖర్చు పెట్టకండి. రీలుకు మంచి నైలాన్, గాలం వైపు చివర లీడర్‌గా (చివర కలిపే విడి ముక్క) ఒకటిన్నర మీటరు అసలైన ఫ్లోరోకార్బన్. మన చెరువుల్లో, రిజర్వాయర్లలో బొచ్చె, రవ్వు, మోసు, బంగారు తీగ (కామన్ కార్ప్) పట్టేవాళ్లకు ఈ జత చాలు.

ముందు చూపు సంగతి. నీటి వక్రీభవన గుణకం (వెలుగు ఎంత వంగుతుందో చెప్పే అంకె) 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42 దాకా, నైలాన్‌ది 1.53 పైనే. అంకె నీటికి ఎంత దగ్గరైతే లైను మీద వెలుగు అంత తక్కువ మెరుస్తుంది. అందుకే ఫ్లోరోకార్బన్ తక్కువ కనబడుతుంది. డబ్బా మీద రాసినట్టు పూర్తిగా మాయమైపోదు. కొనేముందు మీ చెరువులో చెయ్యి ముంచి చూడండి. మోచేతి లోతులోనే వేళ్లు కనబడకపోతే ఆ నీళ్లలో చేపకూ లైను పెద్దగా కనబడదు. వానాకాలపు ఎర్రనీళ్లలో ఈ తేడాకు డబ్బు పెట్టడం వృథా. చలికాలంలో తేరుకున్న రిజర్వాయరు నీళ్లలో మాత్రం ఫలితం దక్కుతుంది.

రంగు ఎంచుకునేటప్పుడు పసుపు, నారింజ రంగుల్లో మెరిసే లైన్లు వదిలేయండి. కార్ప్ జాతి కంటికి మన కంటికి అందని అతినీలలోహిత కాంతి కూడా అందుతుంది, ఆ రంగులు సరిగ్గా ఆ కాంతికే వెలుగుతాయి. పారదర్శకమైన నైలాన్ కూడా మంచి ఎండలో గాజు పోగులా తళుక్కుమంటుంది. మెరుపు లేని ముదురాకుపచ్చ, మట్టిరంగు మేలు.

అసలు గొడవ ముట్టుకోవడంతో వస్తుంది. బంగారు తీగ అడుగున బురద తవ్వుకుంటూ మేస్తుంది. తవుడు, గానుగ చెక్క కలిపిన ముద్ద పెట్టిన స్ప్రింగు (ఎర ముద్దను పట్టి ఉంచే తీగచుట్ట) దగ్గరికి వచ్చేటప్పుడు, దానిపైన బిగుసుకుని నిలబడ్డ లైను దాని రెక్కకో పక్కకో తగులుతుంది. కర్ర కొన ఒక్కసారి కొట్టుకుని ఆగిపోతే చాలామంది ఎర లాగిందనుకుని గుంజుతారు. చాలాసార్లు అది చేప లైనుకు తగిలి బెదిరి పారిపోయిన గుర్తు. కాబట్టి లైను నేలకు ఆనుకుని పడుకోవాలి. ఇక్కడే ఫ్లోరోకార్బన్ సత్తా తెలుస్తుంది: నీటి సాంద్రత 1 అనుకుంటే దాని సాంద్రత 1.78, నైలాన్‌ది 1.14. పీఈ (పాలిథిలీన్) అల్లిక దారం 0.97 దగ్గర ఉండి నీటిపైకి తేలిపోతుంది, అందుకే రీలు నిండా అది చుట్టిన వాళ్లకు బిగుసుకున్న లైను బెడద తప్పదు. నైలాన్ మునగాలంటే, గిన్నెలు తోమే సబ్బునీళ్లలో తడిపిన గుడ్డతో దాని జిడ్డు తుడిచేయండి. విసిరాక కర్ర కొన నీళ్లలో ముంచి రీలు రెండు మూడు చుట్లు తిప్పి, తర్వాత కాస్త వదులు ఇవ్వండి.

మెయిన్ లైనుకు, అంటే రీలు మీది నైలాన్‌కు, బెర్క్లీ ట్రైలీన్ బిగ్ గేమ్ ఆకుపచ్చ రంగుది మా ఎంపిక. 10 పౌండ్ల బలం ఉన్నది 0.30 మి.మీ. దాకా లావుంటుంది, మూడు నాలుగు కిలోల చేపకు సరిపోతుంది. చెట్ల మోడులున్న చోట 15 పౌండ్లది తీసుకోండి. దీని లోపం సాగడం. దూరాన ఉన్న చేపకు గుంజు ఆలస్యంగా అందుతుంది. లీడరుకు సీగువార్ బ్రాండుది. ఫ్లోరోకార్బన్ లైను 1971లో తొలిసారి చేసింది దాన్ని తయారుచేసే జపాన్ కురేహా సంస్థే. 0.28 నుంచి 0.33 మి.మీ. మధ్య తీసుకోండి. అంతకన్నా లావుది గట్టిగా ఉండి, చుట్టిన ఆకారం వదలదు.

నూరు శాతం ఫ్లోరోకార్బన్ అని రాసి, పైపూత మాత్రమే ఉన్న నైలాన్ అమ్మే దుకాణాలున్నాయి. తేల్చుకోవడానికి గ్లాసు నీళ్లలో ఉప్పు కరగడం ఆగేదాకా కలపండి. ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, అంగుళం ముక్క కత్తిరించి వేలితో నీళ్లలోకి నొక్కి వదలండి. ఆ ఉప్పునీటి సాంద్రత 1.2 దాకా ఉంటుంది కాబట్టి నైలాన్ పైకి లేస్తుంది, అసలైనది నేరుగా అడుగుకు దిగుతుంది. మధ్యలో వేలాడుతూనో, మెల్లగా దిగుతూనో ఉంటే పూత సరుకే. మంచినీళ్లలో ఈ పరీక్ష పనికిరాదు, రెండూ మునుగుతాయి.

లీడరును మెయిన్ లైనుకు చిన్న స్వివెల్‌తో (గుండ్రంగా తిరిగే లోహపు కీలు) కలపండి, ముడి కన్నా అదే సులువు. ముడులన్నీ యూనీ ముడి (లైను చివరతో వలయం చేసి, దాని లోంచి చుట్టి బిగించేది), ఐదు చుట్లు. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి ఫ్లోరోకార్బన్ పాడవుతుంది. ముడి పైన తెల్లబారినా, సన్నటి వంకర్లు వచ్చినా అక్కడే తెగుతుంది, కోసేసి మళ్లీ కట్టండి. తెగిన చివర పందితోకలా చుట్టుకుని ఉంటే ముడి జారిందని అర్థం. స్ప్రింగు నుంచి గాలం దాకా మాత్రం ఫ్లోరోకార్బన్ వద్దు. అక్కడ ఎనిమిది, పది సెం.మీ. మెత్తటి అల్లిక దారం పెడితే చేప ముద్దను పీల్చినప్పుడు గాలం అడ్డు లేకుండా నోట్లోకి పోతుంది.

బంగారు తీగ వీపు రెక్క ముందున్న గట్టి ముల్లుకు రంపంలా పళ్లుంటాయి. ప్రతి చేప తర్వాత లీడరును రెండు గోళ్ల మధ్య పెట్టి నెమ్మదిగా లాగండి. చిన్న గీత తగిలినా ఆ ముక్క మార్చాల్సిందే. నైలాన్ నీళ్లు పీల్చి బలం తగ్గుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. అందుకే నీడలో దాచి, తరచూ వేటకు వెళ్లేవాళ్లు ఏడాదికోసారి రీలు మార్చుకోవాలి. ఫ్లోరోకార్బన్ నీళ్లు పీల్చదు, ఎండకూ ఓర్చుకుంటుంది. గీతలు పడకుంటే 50 మీటర్ల చుట్ట ఒకటి ముప్పై లీడర్లకు పైగా వస్తుంది.