కలకత్తాలో వారం: తిండికి వందకి వంద, మొదటి గదికి సున్నా

కలకత్తా వెళ్లాలనుకునేవాళ్లకి మొట్టమొదట చెప్పేది ఒకటే. యాప్‌లో ఫొటోలు చూసి మురిసిపోయి న్యూ మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో వారానికి సరిపడా గది బుక్ చేసుకోకండి. ఊరు మంచిది, మనుషులు మంచివాళ్లు, తిండి గురించి ఎంత చెప్పినా తక్కువే. కానీ ఆ గది దగ్గర మాకు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్లాక బయల్దేరాం. నేను, మా వారు, ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి, అత్తయ్య, మావయ్య. పండగ ముందు వద్దనుకున్నది కావాలనే, గంగాసాగర్ మేళాకి దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్లంతా కలకత్తా మీదుగానే వెళ్తారు, ఆ రోజుల్లో గదులు దొరకవు, దొరికినా రేటు మన చేతిలో ఉండదు. రెండు గదులు, ఒక్కోటి రోజుకి 2,150, పన్నులూ టిఫినూ కలిపే. ఆరు రాత్రులకి 25,800 అయితే అందులో సగం, 12,900, ముందే కట్టేశాం. కన్ఫర్మేషన్ మెయిల్ ప్రింటు తీసి మా వారు సంచీలో పెట్టుకున్నారు. అదే తర్వాత మమ్మల్ని కాపాడింది.

హౌరాలో తెల్లవారుజామున దిగాం. స్టేషన్ బయట ఒకాయన 600 అడిగాడు. యాత్రీ సాథీ అని బెంగాల్ ప్రభుత్వం వాళ్ల టాక్సీ యాప్ ఒకటుంది, అందులో పసుపు అంబాసిడర్ బుక్ చేస్తే 196 అయింది. ఆ యాప్ ఇక్కడి నుంచే ఫోన్లో వేసుకుని వెళ్లండి.

లాడ్జి కౌంటర్లో ఉన్నాయన రిజిస్టర్లోంచి తల ఎత్తకుండా, చెకిన్ పన్నెండింటికి, ఇప్పుడే కావాలంటే గదికి 500 అన్నాడు. సరే, అది ఎక్కడైనా ఉండేదే, అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మెట్ల మీద ఆరు గంటలు కూర్చోబెట్టలేం కదా, వెయ్యీ కట్టాం. గదిలోకి వెళ్తే ఒకటే ముక్కిన వాసన. ఫొటోలో పెద్ద కిటికీ, కిటికీ పక్కన రెండు కుర్చీలు ఉన్నాయి. ఇక్కడ కుర్చీలు లేవు, కిటికీకి మాత్రం ఎర్ర పూల కర్టెన్ ఉంది. గాలి వస్తుందని అత్తయ్య ఆ కర్టెన్ పక్కకి లాగారు. వెనకాల గోడ. కిటికీ కాదు, కిటికీ ఉండాల్సిన చోట సిమెంటు పూసిన గోడ, దాని మీద పైప్ లైన్ చెమ్మ దిగి పచ్చగా పట్టి ఉంది. మా అబ్బాయి రెండో గదిలోకి పరిగెత్తి చూసొచ్చాడు, అక్కడా అంతే. కిందికి వెళ్లి అడిగితే, కిటికీ ఉన్న గది రేటు వేరు, రోజుకి గదికి 900 ఎక్కువ అన్నాడు. ఫొటో చూపించాం. ఫొటో యాప్ వాళ్లు పెట్టారు, మాకు సంబంధం లేదు అన్నాడు.

మా వారు మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు, ఆ రోజు పెంచారు. మావయ్య మాత్రం ఒక్క మాట అనకుండా బయట అరుగు మీద కూర్చున్నారు. ఆయన అలా మౌనంగా ఉన్నారంటే బాగా బాధపడ్డట్టు. ఆ పూట ఎక్కడికి పోతాం, ఉన్నాం. వేడినీళ్లు పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకే, అదీ బకెట్‌తో పైకి తెస్తారు, తెచ్చిన కుర్రాడికి ఇరవై ఇవ్వాలి. టిఫిన్ అంటే రెండు బ్రెడ్ ముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు. అత్తయ్య కాశీ వెళ్లొచ్చాక గుడ్డు కూడా మానేశారు, గుడ్డు బదులు ఇంకో బ్రెడ్ ముక్క అడిగితే దానికి పదిహేను వేశారు!

రెండో రోజు సాయంత్రం ఇంకో మెలిక. మిగతా డబ్బంతా ఇప్పుడే క్యాష్‌గా కట్టాలి, జీఎస్టీ వేరే, బిల్లు చివరి రోజు ఇస్తాం అన్నాడు. మా వారు ఆ ప్రింటు తీసి కౌంటర్ మీద పెట్టి, ‘పన్నులు కలిపి’ అన్న లైను మీద వేలు పెట్టి, జీఎస్టీ నంబరుతో బిల్లు ఇస్తే ఇప్పుడే కడతానన్నారు. అప్పుడు మాత్రం తల ఎత్తాడు. బిల్లు మాట వచ్చేసరికి జీఎస్టీ మాట పోయింది. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేశాం. మేం వాడుకున్న రెండు రాత్రులకి 8,600 పోగా రావాల్సింది 4,300. యాప్ వాళ్లకి ఫొటోలు పెట్టి, కర్టెన్ వెనక గోడ ఫొటోతో సహా, రోజు విడిచి రోజు ఫోన్ చేస్తే చివరికి 2,900 వచ్చింది. మిగతాది క్యాన్సిలేషన్ ఛార్జీ అట. మీరు మాత్రం ఎక్కడ బుక్ చేసినా ఒక్క రాత్రికే చేయండి, గది కళ్లతో చూసుకున్నాక మిగతా రోజులు పొడిగించుకోండి. బాత్రూం కన్నా ముందు కర్టెన్ తీసి చూడండి.

తర్వాత రాస్‌బిహారీ ఎవెన్యూ వైపు, లేక్ మార్కెట్ దగ్గర, ఇంటి మేడని గదులుగా చేసిన గెస్ట్ హౌస్ దొరికింది. గది 1,750, టిఫిన్ లేదు, నిజం కిటికీ, రోజంతా వేడినీళ్లు. ఆ పేట నాకు నచ్చినంతగా కలకత్తాలో ఇంకేదీ నచ్చలేదు. దక్షిణాది వాళ్లు ఎన్నో ఏళ్లుగా ఉంటున్న చోటు కాబట్టి ఇడ్లీ, దోసె, ఫిల్టర్ కాఫీ, బజార్లో కరివేపాకు, మల్లెపూలు కూడా దొరుకుతాయి. అత్తయ్య పొద్దున్నే కాఫీ తాగి నవ్వారు, అంతే, అక్కడి నుంచి మా యాత్ర దారిలో పడింది.

అసలు సంగతి ఏంటంటే కాళీఘాట్ మెట్రో స్టేషన్ అక్కడికి నడిచే దూరం. మన దేశంలో మొట్టమొదటి మెట్రో ఈ ఊళ్లోనే, 1984లో మొదలైంది, ఆ పాత లైను మీదే చూడాల్సినవి దాదాపు అన్నీ ఉన్నాయి. రవీంద్ర సదన్‌లో దిగితే విక్టోరియా మెమోరియల్, పార్క్ స్ట్రీట్‌లో దిగితే ఇండియన్ మ్యూజియం, మహాత్మా గాంధీ రోడ్‌లో దిగితే పుస్తకాల కొట్లుండే కాలేజ్ స్ట్రీట్, గిరీష్ పార్క్‌లో దిగితే ఠాగూర్ పుట్టి పెరిగిన జొరాసాంకో ఇల్లు, శోభాబజార్‌లో దిగితే విగ్రహాలు చేసే కుమార్‌టులీ, చివరి స్టేషన్ దక్షిణేశ్వర్. గూగుల్ మ్యాప్ తెరిచి బుర్ర పాడుచేసుకోకుండా ఈ ఒక్క లైను ముందు పెట్టుకుని రోజులు పంచుకోండి. ఎస్ప్లనేడ్‌లో మారితే హుగ్లీ నది కింద నుంచి వెళ్లే కొత్త లైను, హౌరాకి పది రూపాయలు. 2024లో తెరిచారు. నది కింద ముప్పావు నిమిషం, లైట్లు నీలంగా మారతాయి. మా వాడు ఊరికే అటూ ఇటూ రెండుసార్లు తిప్పించాడు.

ఇంకోటి, సోమవారం. విక్టోరియా, మ్యూజియం, జొరాసాంకో అన్నీ సోమవారం మూసేస్తారు. మేం సోమవారాన్ని దక్షిణేశ్వర్ గుడికి, బేలూర్ మఠానికి ఉంచుకున్నాం. అక్కడా టైము చూసుకోవాలి, రెండూ మధ్యాహ్నం మూస్తారు. మధ్యాహ్నం మూడు దాటాక దక్షిణేశ్వర్ చేరి, రాణీ రాస్మణి 1855లో కట్టించిన కాళీ గుడి, ఘాట్ పక్కన వరుసగా ఉన్న పన్నెండు శివాలయాలు చూసుకుని, అక్కడే పడవ ఎక్కి బేలూర్ మఠం వెళ్తే సాయంత్రం హారతి దొరుకుతుంది. గుళ్లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, బయట డిపాజిట్ చేయాలి. అత్తయ్య ఆ రోజు గురించి ఇప్పటికీ చెప్తారు.

విక్టోరియా బావుంది, అందరూ చెప్పినట్టే ఉంది. మ్యూజియంలో మమ్మీ దగ్గరే జనం మూగుతారు, మీరు భర్హుత్ అనే పాతకాలపు బౌద్ధ స్తూపం రాతి కటకటాలు పెట్టిన గదిలో ఎక్కువసేపు ఉండండి. ట్రామ్ ఎక్కాలనుంటే తొందరగా ఎక్కండి. 1873లో గుర్రాలతో మొదలైనవి ఇప్పుడు ఒకటి రెండు రూట్లలోనే మిగిలాయి.

తిండికి వస్తాను. కాలేజ్ స్ట్రీట్ పక్క సందులో స్వాధీన్ భారత్ హిందూ హోటల్ అని ఉంది. పైస్ హోటళ్లు అని అక్కడ పాతకాలపు భోజనశాలలు, వాటిలో ఒకటి. ఒంటి గంటలోపు వెళ్లాలి, ఆ తర్వాత మంచి చేపలు అయిపోతాయి. పొడుగాటి బల్లలు, పక్కన ఎవరైనా కూర్చుంటారు. ఆ రోజు ఏం వండారో నల్లబోర్డు మీద రాస్తారు. అరిటాకు వేసి అన్నం పెడతారు, ఆ అరిటాకుకి కూడా విడిగా లెక్క ఉంటుంది. పప్పు, వేపుడు, కూర, చేప దేనికది. ఏం తిన్నామో వడ్డించే ఆయన నోటితో గడగడా అప్పజెప్తే కౌంటర్లో కలుపుతారు, ఒక్క రూపాయి తేడా రాలేదు.

మావయ్య గోదావరి మనిషి. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్లో పుట్టారు. బెంగాలీల ఇలిష్ అంటే సముద్రం నుంచి నదికి ఎదురీదే మన పులస జాతే కాబట్టి రైలెక్కిన దగ్గర నుంచి ఇలిష్, ఇలిష్ అంటున్నారు. కూర్చోగానే అదే అడిగారు. వడ్డించే ఆయనకి హిందీ అంతంతమాత్రం, అయినా చెయ్యి అడ్డంగా ఊపి, ఇప్పుడు సీజన్ కాదు, ఇది కోల్డ్ స్టోరేజ్‌ది, ముసలాయన అంత దూరం నుంచి వచ్చి ఇది తినొద్దు, పాబ్దా చేప తినమనండి అన్నాడు. ఇలిష్ ముక్క ఖరీదు పాబ్దాకి రెట్టింపు పైనే ఉంది బోర్డు మీద. ఖరీదైంది వద్దని చవకది తినమన్నాడు ఆ మనిషి. కిటికీ లేని గదికి కర్టెన్ కట్టి డబ్బు గుంజినవాడూ, ఈయనా ఒకే ఊళ్లో ఉన్నారు. పాబ్దా ఆవముద్దతో పల్చటి పులుసు, పైన చీల్చిన పచ్చిమిరపకాయ, ముల్లు ఒక్కటే, నోట్లో పెడితే కరిగిపోయింది. మావయ్య రెండోది వేయించుకున్నారు. ఆవనూనె వాసన మా వారికి మొదటి ముద్దకి పడలేదు, మూడో ముద్దకి అలవాటైంది. అత్తయ్యకి శనగపప్పు, గసగసాల ముద్దతో బంగాళాదుంప కూర, టమాటా తీపి పచ్చడి. ఐదుగురం కడుపు నిండా తింటే 870. పెద్ద రెస్టారెంట్లో ఒక్క పూట ఇదే బెంగాలీ భోజనానికి 3,400 పెట్టాం, ఏసీ తప్ప ఎక్కువేమీ లేదు.

బిర్యానీ గురించి మన వాళ్లకి ముందే చెప్తున్నా, హైదరాబాద్ ఘాటు ఆశించి వెళ్లకండి. అవధ్ నవాబు వాజిద్ అలీ షా రాజ్యం పోయి 1856లో ఇక్కడ మెటియాబ్రుజ్‌లో స్థిరపడ్డాక వచ్చిన వంట అది, మసాలా తక్కువ, సువాసన ఎక్కువ, పెద్ద ఆలుగడ్డ. నాకైతే మాంసం కన్నా ఆ ఆలుగడ్డే నచ్చింది. మా వారికి మిర్చీ సాలన్ లేక దిగలేదు. మా అబ్బాయి వీటి జోలికే పోలేదు, నిజామ్స్ అనే హోటల్ దగ్గర పరాఠాలో కబాబ్ చుట్టి ఇచ్చే కాఠీ రోల్ తిన్నాక ప్రతి సాయంత్రం రోలే. ఆదివారం పొద్దున ఆరింటికల్లా టిరెట్టా బజార్‌లో చైనా వాళ్ల టిఫిన్లు అమ్ముతారు, ఎనిమిది దాటాక వెళ్తే ఖాళీ గిన్నెలే.

ఇక మావయ్య అడిగిందల్లా శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్. ఆయన వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. 1787లో పెట్టిన ఆ తోటకి 1793లో అధికారిగా వచ్చిన రాక్స్‌బర్గ్, అంతకుముందు మన సామర్లకోటలో ప్రయోగాల తోట పెట్టి మన కోస్తా మొక్కలన్నీ బొమ్మలు గీయించినాయన. మా ఊరి పక్క నుంచి వచ్చినవాడి తోట చూడకుండా ఎలా అని ఆయన పట్టు. అక్కడి మహా మర్రి నిజంగా చూడాల్సిందే, తల్లి మాను తెగులు పట్టి 1925లో తీసేశారు, ఇప్పుడు ఊడలే అడవి, మధ్యలో చెట్టు లేదు. మావయ్య దాని చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ మనవడికి ఊడ ఎలా దిగుతుందో, నేల తాకాక మాను ఎలా అవుతుందో చెప్తుంటే వాడు ఫోన్ జేబులో పెట్టేసి విన్నాడు. నడక బాగా ఎక్కువ, పెద్దవాళ్లుంటే ఉదయం పూటే వెళ్లండి.

మిఠాయిలకి రసగుల్లా దగ్గర ఆగిపోకండి. చలికాలంలోనే వచ్చే ఖర్జూరపు బెల్లంతో చేసే సందేశ్ కోసమైనా జనవరిలో వెళ్లాలి. హేదువా దగ్గర నకుడ్ నంది కొట్టు, 1844 నాటిది, జాలీ కటకటాల వెనక నుంచి ఇస్తారు, ఒక్కోటి 25 నుంచి 40. అందులో కొరికితే లోపల నుంచి బెల్లం పాకం కారేది ఒకటుంది, చొక్కా జాగ్రత్త. ఊరికి తేవాలంటే మాత్రం ఈ సందేశ్‌ని నమ్ముకోకండి, రైల్లో రెండో పూటకే పులుస్తుంది. మేం రైలెక్కే ముందు కొన్న ఇరవైలో పన్నెండు ఖరగ్‌పూర్ దాటేలోపే పెట్టెలో లేవు, మిగతావి అత్తయ్య ఎదురు బెర్త్ పిల్లలకి పంచేశారు. చుట్టాలకి ఇవ్వడానికి కె.సి.దాస్ రసగుల్లా డబ్బాలు, సీలు వేసినవి, తెచ్చుకోండి.