160 వస్తువుల ఫస్ట్ ఎయిడ్ కిట్ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఆన్‌లైన్‌లో "160 వస్తువులు, ఇంటిల్లిపాదికీ సరిపోతుంది" అని ఓ ఎర్ర సంచీ కిట్ కనిపిస్తే వెంటనే ఆర్డర్ పెట్టకండి. నేను పెట్టాను. ఫొటోలో సంచీ ముచ్చటగా ఉంది, రేటింగ్ నాలుగున్నర. ఇంటికొచ్చాక జిప్ తీసి పైపైన చూసి బీరువా మీద పడేశాను. అసలు పొరపాటు అదే.

రెండు నెలల తర్వాత మా చిన్నది గ్లాసు పగలగొట్టి, నేను తిడతానని పెంకులు చేత్తో ఏరింది. అరచేయి తెగింది. రక్తం మోచేతి దాకా కారుతుంటే ఆ సంచీ దించాను. గాజ్ (గాయం మీద వేసే పల్చటి జాలీ గుడ్డ) ముక్క దాని అరచేతిలో సగం కూడా లేదు, అవతలి వెలుతురు కనిపించేంత పల్చన. పెట్టీ పెట్టగానే తడిసి ముద్దయింది. టేపు చర్మాన్ని వదిలేసి దానికదే అంటుకుంది. కత్తెర ఆ టేపును కొయ్యలేదు, నమిలింది. యాంటీసెప్టిక్ వైప్ చింపితే లోపల ఎండిపోయిన కాగితం.

చివరికి ఆదుకుంది ఉతికిన తువ్వాలు. పెద్దది పరిగెత్తి తెచ్చింది. నాలుగు మడతలు వేసి గాయం మీద గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి పట్టుకుని, మధ్యలో ఒక్కసారి కూడా తీసి చూడకుండా పది నిమిషాలు కూర్చున్నాం. ఆగిందో లేదో అని ఎత్తి చూస్తే అప్పుడే గడ్డ కడుతున్న రక్తం మళ్లీ ఊడొస్తుంది. లోపల పెంకు కనిపించి ఉంటే దాని మీద నొక్కకూడదు, లాగకూడదు కూడా. అటూ ఇటూ అదిమిపట్టి ఆస్పత్రికి వెళ్లాలి. మాకు అలాంటిదేం లేకపోయినా తీసుకెళ్లాం, మూడు కుట్లు పడ్డాయి.

ఆ రాత్రి నిద్ర పట్టక సంచీ మొత్తం మంచం మీద బోర్లించి లెక్కపెట్టాను. వేలి గాట్లకు వేసే చిన్న ప్లాస్టర్లు 100, ఇయర్ బడ్స్ 30, పిన్నీసులు 12. అక్కడికే 142! మిగిలిన పద్దెనిమిదిలో వైప్స్ 10, గాజ్ ముక్కలు 2, టేపు, కత్తెర, పట్టకారు, థర్మామీటర్, ఒక జత గ్లవ్స్. ఆ జతను కూడా రెండుగా లెక్కేశారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

థర్మామీటర్ బాగోతం వారం తర్వాత బయటపడింది. పిల్ల ఒళ్లు పెనంలా కాలుతుంటే అది 36.1 డిగ్రీల సెల్సియస్ చూపించింది. క్లినిక్‌లో చూస్తే 39. దాని మాట నమ్మి పడుకుని ఉంటే?

వీటన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది సంచీలో పెట్టిన సూచనల కాగితం చూసి. కాలితే ఐసు పెట్టమట, ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చమట. రెండూ తప్పే. కాలిన చోట ఐసు పెడితే చర్మం ఇంకా దెబ్బతింటుంది. 20 నిమిషాల పాటు కుళాయి కింద చల్లటి నీళ్లు పారనివ్వాలి, వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసెయ్యాలి. టూత్‌పేస్టు, సిరా లాంటివి పుయ్యొద్దు. ముక్కు రక్తానికి ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు నొక్కి పట్టి ఉంచాలి, నోటితో గాలి పీల్చాలి. తల వెనక్కి వాలిస్తే రక్తం గొంతులోకి దిగుతుంది.

అమ్మినవాళ్లకు రాస్తే "తెరిచిన ఆరోగ్య ఉత్పత్తులు వెనక్కి తీసుకోము" అని ఒక్క వాక్యం వచ్చింది. వైప్ ఎండిందో లేదో తెరవకుండా ఎలా తెలుస్తుందని అడిగాను. జవాబు లేదు.

ఇప్పుడు మందుల షాపులో విడివిడిగా కొని ఒక డబ్బాలో పెట్టుకున్నాను. 10 సెంటీమీటర్ల చదరం స్టెరైల్ (క్రిములు లేని) గాజ్ ప్యాడ్లు, క్రేప్ బ్యాండేజీ, విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఓఆర్‌ఎస్. టేపు కొన్నరోజే నా చేతికి అంటించి చూశాను. థర్మామీటర్ అందరం ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి పెట్టి చూశాం. దూది తెచ్చినా తెరిచిన గాయానికి వాడను, పోగులు పుండుకు అంటుకుపోతాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపమని రాశారో అన్నీ పొయ్యాలి, తగ్గించి చిక్కగా ఇస్తే పిల్లలకు ప్రమాదం. పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉన్నది ఒకటి, 250 ఉన్నది ఇంకొకటి దొరుకుతాయి. పాత సీసా అలవాటుతో కొత్తదాంట్లోంచి అదే చెంచాడు పోస్తే డోసు రెట్టింపు దాటుతుంది. అందుకే డబ్బా మూత మీద పిల్లలిద్దరి బరువూ, డాక్టర్ చెప్పిన కొలతా రాసి అంటించాను. పదహారేళ్ల లోపు పిల్లలకు డాక్టర్ చెప్పకుండా ఆస్పిరిన్ ఇవ్వకూడదు కాబట్టి అది ఆ డబ్బాలోకే రానివ్వలేదు.

ఎర్ర సంచీ ఇప్పుడు చిన్నదాని బొమ్మల ఆస్పత్రి అయింది. పిన్నీసులు తీసేశాను గానీ కత్తెర ఉంచేశాను, ఎలాగూ దేన్నీ కొయ్యదు.